రోహిణి కార్తెలో పిట్టలకు చలి

ఆ రోజుల్లో అంటే మరీ పాత రోజులేం కావు. కిరసనాయిలు దీపాల కాలమో, ఉత్తరాల కాలమో అనుకునేరు. ఫోన్లో నాలుగు వీడియోలు చూస్తే ఎవడైనా ఏదైనా అయిపోవచ్చని జనం గట్టిగా నమ్మేసిన రోజులు. ఆ జనంలో మొదటి వరసలో కుర్చీ వేసుకుని కూర్చున్నవాణ్ణి నేను. ఇంజనీరింగ్ ఎలాగో గట్టెక్కి, ఉద్యోగం తనంతట తానే అడ్రసు కనుక్కుంటూ మా ఊరి దాకా వస్తుందేమోనని ఇంట్లో కాళ్ళు చాపుకుని ఎదురుచూస్తున్న ఇరవై రెండేళ్ళ వయసులో, నాకు తెలియని విషయమంటూ లోకంలో ఒక్కటీ లేదు. అమ్మకి పులిహోర పోపు ఎలా పెట్టాలో చెప్పేవాణ్ణి. నాన్నకి మామిడి చెట్లకి నీళ్ళెప్పుడు కట్టాలో చెప్పేవాణ్ణి (నాన్న ముప్పయ్యేళ్ళుగా తోట చేస్తున్నాడు, నేను ఆ తోటలోకి క్రికెట్ బంతి వెతుక్కోవడానికి తప్ప వెళ్ళి ఎరగను). ఆ కుర్రాడు ఇప్పుడు ఎక్కడన్నా ఎదురుపడితే కూర్చోబెట్టి, చల్లటి మజ్జిగ ఇచ్చి, తాగడం అయ్యాక నెత్తిమీద గట్టిగా ఒక్కటి మొట్టాలని ఉంటుంది.

మా ఇల్లు నూజివీడు నుంచి చాట్రాయి వెళ్ళే దారిలో తోట అంచునే ఉంటుంది. ముందు వరండా, పక్కన కాయలు మాగబెట్టే రేకుల గది, వెనక బంగినపల్లి చెట్లు, చివర్లో నాలుగు వరసల చిన్న రసాలు. వరండాలో ఒక పెద్ద బోను, అందులో ఒక జత కాక్టీల్ పిట్టలు. చిలక జాతివే గాని బూడిద రంగులో ఉంటాయి. తలమీద నిక్కబొడుచుకున్న జుట్టు, బుగ్గలమీద నారింజ రంగు బొట్లు. విజయవాడలో ఉండే స్నేహితుడొకడు ఊరు మారుతూ వాటిని నాకు అంటగట్టి పోయాడు. గింజలు వేసి, నీళ్ళు మార్చినందుకే (సగం రోజులు అమ్మే మార్చేది) ఫోన్లో నా ఫోటో కింద 'పక్షుల పెంపకందారు' అని రాసుకున్నాను. ఆ పెంపకందారు ప్రమేయం ఏమీ లేకుండానే ఆ రెండూ బోనులో కట్టిన చెక్కపెట్టెలో గుడ్లు పెట్టి, వంతులు వేసుకుని పొదిగి, మూడు పిల్లల్ని లేపాయి. పగలంతా మగది కూర్చునేది, సాయంత్రం నుంచి ఆడది. మా ఇంట్లో పని అంత సమంగా పంచుకున్న జంట అదొక్కటేనని అమ్మ నాన్నకి వినబడేలా అంటుండేది.

అక్కడితో ఊరుకుంటే ఇప్పుడు రాయడానికి ఏమీ ఉండేది కాదు, నా పరువూ దక్కేది. కానీ అప్పటికే నాకొక గురువు దొరికాడు. పక్షుల పెంపకం గురించి వీడియోలు పెట్టే ఒకాయన. మా ఇంట్లో ఆయన పేరు పిట్టలన్న. ఆయన చెప్పేది హిందీలో. నాకొచ్చిన హిందీ రైల్లో సమోసాలు కొనుక్కోవడానికి సరిపోయేంత. అయినా ఆయన నోటినుంచి వచ్చే ప్రతి ముక్కా నాకు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు అర్థమైపోతోందని నా ధీమా. ఆయన సిద్ధాంతం ఏమిటంటే, పిల్లలకి రెండు వారాలు రాగానే తల్లి దగ్గర్నుంచి తీసెయ్యాలి. సిరంజితో మనమే తిండి పెట్టాలి. పెట్టెలో ముప్పైనాలుగు డిగ్రీల వేడి ఉండాలి, ఒక్క డిగ్రీ తగ్గినా పిల్లలు చలికి చచ్చిపోతాయి. అలా పెంచిన పిట్ట జీవితాంతం మన భుజం దిగదు. ఈ చివరి ముక్క ఒక్కటీ నాకు నిజంగానే అర్థమైంది. భుజం మీద పిట్టతో నూజివీడు బస్టాండు దగ్గర బైకు దిగి, టీ కొట్టు ముందు నిలబడి, అసలు పిట్ట ఉన్న సంగతే గుర్తులేనట్టు టీ తాగుతున్న నన్ను నేను చాలాసార్లు ఊహించుకున్నాను. (ఆ ఊహలో, కాలేజీలో నాలుగేళ్ళూ నాతో ఒక్క మాట మాట్లాడని ఒకమ్మాయి సరిగ్గా ఆ సమయానికే బస్సు దిగేది. నూజివీడులో ఆమెకేం పనో అడక్కండి.)

రోహిణి కార్తె వచ్చిన రెండో రోజు పొద్దున్నే ముహూర్తం పెట్టాను. ఆడపిట్ట గింజల కోసం కిందికి దిగిన అదను చూసి, చెక్కపెట్టెలో చెయ్యి పెట్టి మూడు పిల్లల్నీ తీసేశాను. ముద్దుగా ఉంటాయనుకుంటే పొరపాటే. ఒళ్ళంతా ముళ్ళలా పొడుచుకొస్తున్న ఈకలు, వాటి సందుల్లో ఎర్రటి చర్మం, నిలవని మెడ, ఒంటికి మించిన పొట్ట. రెండు కాస్త పెద్దవి, మూడోది చివర పుట్టి బొటనవేలి కంటే కాస్త పెద్దగా ఉంది. అమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చింది.

"అదేంట్రా, వాటినెందుకు తీశావ్? తల్లి బాగానే చూసుకుంటోందిగా!"

"అమ్మా, ఇది సైన్సు. నీకు చెప్పినా అర్థం కాదు."

"సైన్సో గియిన్సో, అది ఎట్లా అరుస్తోందో చూడు."

"రెండ్రోజులు అరిచి ఊరుకుంటుంది. వీడియోలో చెప్పాడు."

వెచ్చని పెట్టె తయారీ ఒక పెద్ద యజ్ఞం. థర్మకోల్ పెట్టెకి బొక్కలు పెట్టి, లోపల తువ్వాలు పరిచి, మూతకి బల్బు వేలాడదీసి, వేడి కొలిచే చిన్న మిషను అతికించాను. స్విచ్చి వేశాను. పెట్టెంతా తెల్లగా, పెళ్ళిపందిరిలా వెలిగిపోయింది. గంట గడిచింది, మిషన్లో అంకె కదల్లేదు. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుంది గాని వేడెక్కదని ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివిన నాకు అప్పుడు గుర్తొచ్చింది (అవునండీ, ఎలక్ట్రికలే). పాతకాలపు పసుపు బల్బు కోసం నూజివీడులో ఆరు కొట్లు తిరిగి, అక్కడా దొరక్క, బైకు వేసుకుని మైలవరం పోయాను. అక్కడొక ముసలి కొట్టాయన అటక మీంచి దుమ్ము పట్టిన అట్టపెట్టె దించాడు.

"ఇప్పుడివి ఎవరూ కొనట్లేదండీ. కోళ్ళ ఫారమా?" అన్నాడు బల్బు తుడుస్తూ.

"కాదండీ, పిట్టపిల్లలకి. వెచ్చగా ఉండాలి."

ఆయన బల్బు తుడవడం ఆపి నన్ను చూశాడు. తర్వాత తలతిప్పి కొట్టు బయట రోడ్డు చూశాడు. అక్కడ తారు కరిగి టైర్లకి అంటుకుంటోంది. మళ్ళీ నన్ను చూశాడు. "వెచ్చగా ఉండాలాండీ?" అని మాత్రం అన్నాడు. పల్లెటూరి షాపు యజమానికి ఆధునిక పక్షిశాస్త్రం ఏం తెలుస్తుందిలే అని జాలిపడి, బల్బు జేబులో పెట్టుకుని మండుటెండలో తిరిగొచ్చాను. దారిలో ఎండదెబ్బ తగలకుండా తలకి తడి తువ్వాలు చుట్టుకున్నాను. అయినా నాకు ఏమీ తట్టలేదు.

అసలు విషయం చెప్పలేదు కదూ, ఆ పెట్టె పెట్టింది నా గదిలో. నా గదిలో ఆ ఏడే ఏసీ పెట్టించారు. రోహిణి కార్తెలో ఏసీ లేకుండా నేను బతకలేను. ముప్పైనాలుగు డిగ్రీలు లేకుండా పిట్టపిల్లలు బతకలేవు. కాబట్టి గదిలో ఏసీ ఇరవై రెండు మీద, ఆ గదిలోనే పెట్టెలో బల్బు నిరంతరాయంగా. రెండోరోజు మధ్యాహ్నం నాన్న తోటలోంచి చెమటలు కారుతూ వచ్చి, గుమ్మంలో నిలబడి ఈ ఏర్పాటంతా ఓపిగ్గా చూశాడు.

"గది చల్లబరచడానికి ఒక మిషను. ఆ చలి పోగొట్టడానికి ఒక బల్బు. నాలుగేళ్ళు ఫీజులు కట్టింది దీనికేనా?" అన్నాడు.

"ఏసీ ఆపితే నాకు నిద్రపట్టదు నాన్నా."

"పిట్టల్ని వరండాలో వాళ్ళమ్మ దగ్గర పెడితే?"

"చలికి చచ్చిపోతాయి."

మా నాన్న నవ్వడు. ముక్కుతో ఒక చిన్న గాలి వదులుతాడు. ఆ గాలి వదిలి భోజనానికి వెళ్ళిపోయాడు. కాసేపటికి వంటింట్లోంచి నవ్వులు వినిపించాయి. నేను తలుపు వేసుకున్నాను.

ఇందులో నవ్వురాని భాగం ఒకటుంది, అది కూడా చెప్పేస్తాను. వరండాలో ఆడపిట్ట అరుపు ఆగలేదు. చెక్కపెట్టెలోకి వెళ్తుంది, ఖాళీగా ఉన్న రంపపుపొట్టులో వెతుకుతుంది, బయటికొచ్చి కడ్డీ మీద కూర్చుని ఒకటే పిలుపు. మగది దాని వెనకే లోపలికీ బయటికీ తిరిగేది. "నేను వినలేకపోతున్నాన్రా" అని అమ్మ రెండుసార్లు చెప్పింది. నేను ఏం చేశానో తెలుసా? చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తల్లీపిల్లల బంధం గురించి పిట్టలన్న చెప్పిన మరో వీడియో చూశాను. సిగ్గనేది ఎక్కడ దొరుకుతుందో నాకు అప్పటికి ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం గాలివాన వచ్చింది. నూజివీడు ప్రాంతంలో మే నెల గాలివాన అంటే అందరూ ఆకాశం వంక కాదు, చెట్ల వంక చూస్తారు. వాన చుక్కలు నాలుగే, గాలి మాత్రం అరగంట. తోటలో కాయ సగం నేల రాలింది, రెండు కరెంటు స్తంభాలు పడిపోయాయి. మర్నాడు పొద్దున్నే ఏమీ ఎరగనట్టు ఎండ కాసింది. ఆ ఎండ తీవ్రత చూసి కుక్కలు కూడా అరవడం మానేశాయి. కరెంటు సాయంత్రానికి గాని రాదన్నారు. నాన్నా, కూలీలూ పొద్దుట్నుంచీ రాలిన కాయలు ఏరుతున్నారు. దెబ్బ తగలని ముదురు కాయల్ని మాగబెట్టడానికి రేకుల గదికి చేరవేస్తున్నారు.

ఆ గది గంపల పిన్ని రాజ్యం. ఆవిడ మా తోటలో నేను పుట్టకముందు నుంచీ పని చేస్తోంది. గంపలో వరిగడ్డి పరిచి, కాయలు తొడిమ కిందికి పెట్టి పేర్చి, మళ్ళీ గడ్డి, మళ్ళీ కాయలు, పైన గోనెపట్టా కప్పుతుంది. నాన్న కూడా ఆవిణ్ణి అడక్కుండా ఒక్క గంప తెరవడు. ఆవిడ పనిలో అసలు రహస్యం ఏమిటంటే, గంటకోసారి వరసగా ప్రతి గంపలోనూ గడ్డి సందులోంచి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూస్తుంది. కాయలు మాగేటప్పుడు లోపల వేడి పుడుతుంది. ఆ వేడి చాలకపోతే ఇంకో పట్టా కప్పుతుంది, మించితే గడ్డి తీసి గాలి తగలనిస్తుంది. మించినా చూసుకోకపోతే పండు ఉడికిపోతుంది, పైకి పసుపు, లోపల నల్లగా. ఇంతకాలంగా ఇదంతా నా కళ్ళముందే జరుగుతోంది. నేను మాత్రం ఆ గదిలోకి పళ్ళు తినడానికే వెళ్ళేవాణ్ణి.

ఇక నా గదిలో పరిస్థితి. ఏసీ లేదు, బల్బు లేదు. మామూలు బుర్ర ఉన్నవాడు ఒకటి పోయాక రెండోదాని అవసరం కూడా పోయిందని గ్రహిస్తాడు. నేను మాత్రం బల్బు ఆరిపోయిందని బెంబేలెత్తిపోయాను. పదకొండు గంటలకి పిల్లలు నోళ్ళు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా చాచి, గబగబా ఊపిరి తీస్తున్నాయి. నోరు తెరిస్తే ఆకలి అని నాకు తెలుసు గనక గోరువెచ్చటి జావ సిరంజితో పోశాను. రెక్కలు వణుకుతున్నాయి. వణుకుతున్నాయంటే చలి అన్నమాట. నా చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది. ఆ చొక్కాతోనే కూర్చుని, పాపం వీటికి చలేస్తోందని కంగారుపడ్డాను.

అప్పుడు నాలో మామిడి రైతు కొడుకు మేల్కొన్నాడు. వెచ్చగా ఉంచడమంటే మా ఇంట్లో అందరికీ తెలిసింది ఒకటే పద్ధతి. ఒక చిన్న గంప తెచ్చి, అడుగున మందంగా వరిగడ్డి పరిచి, రెండు గాజు సీసాల్లో మరిగిన నీళ్ళు పోసి గుడ్డలు చుట్టి పక్కల పెట్టి, మధ్యలో తువ్వాలు మీద పిల్లల్ని పడుకోబెట్టి, పైన మళ్ళీ గడ్డి వేసి, గోనెపట్టా కప్పాను. వేడి కొలిచే మిషను లోపల పెడితే నలభై రెండు చూపించింది. ఉక్కపోతకి మిషను పాడైపోయిందని నిర్ధారించుకుని, తీసి జేబులో వేసుకున్నాను. ఆ పూట నిజం చెప్పిన వస్తువు మా ఇంట్లో అదొక్కటే. గంపని రేకుల గదికి తీసుకెళ్ళి, గాలి తగలని మూలలో పిన్ని గంపల వరస చివర పెట్టాను. పిన్ని తోట వైపు వెళ్ళి ఉంది. నా తెలివికి నేనే ముచ్చటపడి వెళ్ళి, పప్పులో ఆవకాయ కలుపుకుని తృప్తిగా భోంచేశాను.

మజ్జిగ దాకా వచ్చానో లేదో, రేకుల గదిలోంచి పిన్ని కేక వినిపించింది. "అమ్మో అమ్మో! గంపలో ఏందో మెత్తగా కదులుతోందమ్మో!"

ఎంగిలి చేత్తోనే పరిగెత్తాను. ఆవిడ తన అలవాటు ప్రకారం వరసగా గంపల్లో చెయ్యి పెట్టుకుంటూ వచ్చి, చివరి గంపలో మోచేతి దాకా దూర్చేసింది. పామో తొండో అనుకుని ఎగిరి దూకినావిడ, నేను చేరేసరికి పట్టా లాగి గడ్డి తీసి చూస్తోంది. నన్ను చూడగానే ఆవిడ మొహంలో భయం పోయి ఇంకేదో వచ్చింది.

"ఇది నువ్వు పెట్టావా చిన్నబాబూ?"

"చలికి వణుకుతున్నాయి పిన్నీ, అందుకని…"

"చలా?" ఆవిడ మళ్ళీ గడ్డిలో చెయ్యి పెట్టి తీసి, ఆ చెయ్యి నా చెంపకి ఆనించింది. కాలింది. "ఇంత వేడి ఉంటే నేను కాయలు కూడా ఉంచను బాబూ. ఉడికిపోతాయి."

మూడింటినీ చీర చెంగులో తీసుకుని, బయటికొచ్చి నీళ్ళ కుండ పక్కన చల్లగా ఉన్న గచ్చు మీద పడుకోబెట్టింది. నన్ను విసనకర్ర తెమ్మంది. మెల్లగా విసరమంది, వాటి మీద కాదు, వాటి పక్కన గాలి ఆడేలా. తన వేలు నీళ్ళలో ముంచి ఒక్కొక్క పిల్ల ముక్కు అంచున ఒక్కొక్క చుక్క తాకించింది. పెద్దవి రెండూ కాసేపటికి మెడ ఎత్తాయి. చిన్నదాని మెడ వాలిపోయే ఉంది. పిన్ని దాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. అమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది. నేను విసురుతూనే ఉన్నాను. ఎంతసేపు విసిరానో తెలియదు. పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపి, "ఇంక చాల్లే బాబూ, ఇది పోయింది" అంది.

హాస్యంగా రాయడం మొదలుపెట్టాను గాని, ఈ ఒక్క చోట నావల్ల కాదు. ఒక ప్రాణం నా మొండితనం వల్ల పోయింది. అప్పుడు కూడా నేను చేసిన పనేమిటో చెప్పనా? ఫోను తీసి, దాచుకున్న వీడియో పెట్టి, "చూడు పిన్నీ, ఇందులో వెచ్చగా ఉంచమనే చెప్పాడు, నా తప్పేం లేదు" అన్నాను. ఆవిడ నా ఫోను చేతిలోకి తీసుకుని, ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టి చాలా శ్రద్ధగా చూసింది. ఆవిడకి హిందీ ఒక్క ముక్క రాదు. అందుకని వినకుండా చూసింది.

"ఈయన స్వెట్టరు ఏసుకున్నాడేంటి బాబూ?" అంది.

నేను ఫోను లాక్కుని చూశాను. స్వెట్టరే. మెడకి మఫ్లర్ కూడా ఉంది. వెనక కిటికీలోంచి కొండలు, వాటి మీద తెల్లగా ఏదో. ఈ వీడియో నేను ఇరవైసార్లు చూశాను. ఆయన సిరంజి చూశాను, ఆయన పెట్టె చూశాను, ఆయన భుజం మీద పిట్టని చూశాను. ఆయన నోట్లోంచి పొగలా ఆవిరి వస్తున్న సంగతి చాట్రాయి దారిలో చెమట కారుస్తూ కూర్చున్న నాకు ఒక్కసారీ కనబడలేదు. అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకుంటోందో ఏడుపాపుకుంటోందో నాకు అర్థం కాలేదు, బహుశా రెండూనేమో.

"సరే, వీటి తల్లి ఎప్పుడు చచ్చిపోయింది?" అంది పిన్ని, మిగిలిన రెండింటినీ చూస్తూ. గాలివానకి గూడు పడిపోయిన పిట్ట పిల్లలనుకున్నట్టుంది.

"చచ్చిపోవడమేంటి? వరండాలో ఉంది."

"తల్లి ఉందా!" పిన్ని నావంక చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. "అది బతికుండగా నువ్వెందుకు బాబూ మధ్యలో?"

నాలుగేళ్ళ చదువులో, ఆ తర్వాత వెళ్ళిన ఇంటర్వ్యూల్లో, ఇంత చిన్న ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేనే ఆ రెండు పిల్లల్నీ అరచేతుల్లో పెట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళి, బోనులో చెయ్యి పెట్టి, చెక్కపెట్టెలో వాటి పాత చోట పడుకోబెట్టాను. ఆడపిట్ట బుస కొట్టి నా వేలు రక్తం వచ్చేలా కొరికింది. కొరకనీ అనుకున్నాను. మనిషి చెయ్యి తగిలిన పిల్లల్ని అది మళ్ళీ దగ్గరికి రానిస్తుందో లేదో, మూడు రోజుల్లో మరిచిపోయిందో ఏమో, మాకెవరికీ తెలియదు. అది రానివ్వకపోతే ఆ రెండూ కూడా పోయినట్టే.

దూరంగా గోడ పక్కన నిలబడ్డాం, నేనూ, అమ్మా, పిన్నీ. అప్పుడే నాన్న తోటలోంచి వచ్చాడు. రాలిన కాయల దిగులుతో మొహం వాడిపోయి ఉంది. ఏమైందో అమ్మ చెవిలో చెబుతుంటే విని, బోను వైపు చూశాడు. వరండా మెట్టు ఎక్కితే చెప్పుల చప్పుడవుతుందని ఎండలోనే నిలబడిపోయాడు. ఆడపిట్ట కడ్డీ మీంచి పెట్టె గుమ్మం దాకా వెళ్ళింది. తల వంచి లోపలికి చూసింది. వెనక్కి వచ్చేసింది. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ వచ్చేసింది. ఇంతలో మగది దాన్ని తోసుకుంటూ వెళ్ళి లోపల దూరింది. క్షణం ఆగి ఆడది కూడా దూరింది.

కాసేపటికి పెట్టెలోంచి గరగరమని, గొంతు చించుకుంటున్నట్టు రెండు గొంతులు ఒకేసారి మొదలయ్యాయి. అమ్మా నాన్నా నోటికి అందిస్తుంటే పిల్లలు చేసే గోల అది. నేను సిరంజితో పెట్టిన మూడు రోజులూ అవి మింగాయి. అంతే, మింగాయి. ఒక్కసారీ అలా అరిచి అడగలేదు. ఆ తేడా నాకు అప్పటిదాకా తెలియలేదు. గోడకి తిరిగి నిలబడి ఏడ్చేశాను. నాన్న ఎండలోంచి మెట్టెక్కి వచ్చి నా వీపు మీద ఒక దెబ్బ వేశాడు. అది కోపమో ఓదార్పో నేను అడగలేదు.

ఆ రెండూ బతికాయి. ఈకలొచ్చాక అందంగా కూడా తయారయ్యాయి. నా భుజం సంగతి అటుంచండి, నా నీడ పడితేనే బుస కొట్టేవి. అమ్మ చేతిలో మాత్రం గింజలు తినేవి. నా టీ కొట్టు ముహూర్తం అలా తప్పిపోయింది. ఆ బస్సు దిగాల్సిన అమ్మాయికి బంగారంలాంటి పెళ్ళి అయిందని తర్వాత విన్నాను, పిట్టలతో సంబంధం లేనివాడితో.

ఆ చిన్నపిల్ల పోయిన మర్నాడు పొద్దున్న మాత్రం నేనే రేకుల గదికి వెళ్ళాను. పిన్ని గంపలు చూసుకుంటోంది. ఎందుకొచ్చావని అడగలేదు. నా చొక్కా చెయ్యి పైకి మడిచి, నా మణికట్టు పట్టుకుని, ఒక గంపలో గడ్డి సందులోంచి మోచేతి దాకా దూర్చింది. లోపల కాయలు నున్నగా తగిలాయి, వాటి మధ్య ఏదో వెచ్చదనం.

"సరిపోయిందా పిన్నీ?" అని అడిగాను.

"నన్నడుగుతావేంటి? చెయ్యి నీది. నువ్వు చెప్పు."

నాకు చెప్పాలనే ఉంది. నోటిదాకా ఏదో అంకె కూడా వచ్చింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆ అంకెని మింగేసి, "తెలీట్లేదు పిన్నీ" అన్నాను. ఆవిడ పక్క గంప మీద పట్టా కొంచెం పక్కకి జరిపి, ఇందులో కూడా పెట్టి చూడమన్నట్టు తల ఊపింది. ఇన్నాళ్ళుగా ఆ కుర్రాణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాను గాని, చొక్కా చెయ్యి మడుచుకుని రెండో గంప దగ్గరికి జరిగిన ఆ పూట తలుచుకుంటే మాత్రం, పోనీలే వెధవ అని నవ్వొస్తుంది.